ఇంటి సర్వర్‌కు బయటి నుంచి భద్రమైన దారి



ఇంట్లో మనమే నడుపుకొనే సర్వర్‌ను, ఊరు దాటి వెళ్ళినప్పుడు కూడా ఇంటర్నెట్ ద్వారా క్షేమంగా వాడుకోవడం ఎలా? ఈనాటి ప్రసంగంలో ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకుందాం.

సర్వర్ అనగానే పెద్ద ఏసీ గదిలో వరుసగా పేర్చిన యంత్రాలు మీ కళ్ళ ముందు మెదులుతాయి. నిజానికి అడిగినవారికి అడిగిన సమాచారాన్ని అందించే ఏ కంప్యూటరైనా సర్వరే. మూల పడేసిన పాత కంప్యూటర్ కావచ్చు, రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతిలో ఇమిడే బోర్డు కావచ్చు. దానిలో లినక్స్ వేసి, ఫైళ్ళు దాచుకోవడానికి నెక్స్ట్‌క్లౌడ్, ఫొటోల కోసం ఇమ్మిచ్, పాటలూ వీడియోల కోసం జెల్లీఫిన్, ఇంట్లోని లైట్లూ మోటారూ నియంత్రించడానికి హోమ్ అసిస్టెంట్ వంటి సాఫ్ట్‌వేర్లను ఎక్కించుకోవచ్చు. ఇవన్నీ మూలకోడ్ బహిరంగంగా ఉన్నవి. డబ్బు చెల్లించకుండానే ఇంట్లో నడుపుకోవచ్చు.

అమ్మమ్మ పెళ్ళినాటి ఫొటోలు, నాన్నగారి భూమి పత్రాల నకళ్ళు, మీ మార్కుల జాబితాలు మీ ఇంటి డిస్కులోనే ఉంటాయి. ఇది మంచిదే. అయితే వాటి కాపలా బాధ్యత కూడా మీదే అవుతుంది. ఇంట్లో వై-ఫై మీద అంతా చక్కగా పనిచేస్తుంది. మీరు హాస్టల్‌కు వెళ్ళి అదే చిరునామా కొడితే మాత్రం ఏమీ రాదు. ఎందుకు రాదో అర్థమైతే, ఎలా రప్పించాలో, ఎలా రప్పించకూడదో కూడా అర్థమవుతుంది.

ఇంటి లోపలి చిరునామా, బయటి చిరునామా

ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక ఐపీ చిరునామా ఉండాలి. పాత పద్ధతి అయిన ఐపీవీ4లో మొత్తం చిరునామాలు సుమారు 430 కోట్లు. ప్రపంచంలోని ఫోన్లకూ కంప్యూటర్లకూ ఇవి చాలవు. అందుకని 192.168తో మొదలయ్యేవి, 10తో మొదలయ్యేవి, ఇంకా మరికొన్ని చిరునామాలను ఇళ్ళలో, కార్యాలయాల్లో ఎవరికి వారు వాడుకోవడానికి కేటాయించారు. ఈ ఏర్పాటు 1996లో ప్రమాణ పత్రంగా స్థిరపడింది.

దీన్ని అపార్ట్‌మెంటుతో పోల్చి చూడండి. 302 నంబరు ఫ్లాటు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటుంది. కవరు మీద "302" అని మాత్రమే రాస్తే పోస్ట్‌మ్యాన్ ఎక్కడికి తీసుకువెళ్తాడు? 192.168.1.10 అనే చిరునామా కూడా అలాంటిదే. అది మీ ఇంట్లోనూ ఉంటుంది, పక్కింట్లోనూ ఉంటుంది. బయటి ప్రపంచానికి తెలిసేది మీ రౌటర్‌కు సర్వీసు సంస్థ ఇచ్చిన చిరునామా ఒక్కటే.

రౌటర్ గేటు దగ్గరి వాచ్‌మన్ లాంటిది. 302 వారు ఏదైనా తెప్పించుకుంటే గుర్తు పెట్టుకుని, అది వచ్చినప్పుడు 302కే పంపుతుంది. ఎవరూ పిలవకుండా వచ్చినవారిని వెనక్కి పంపేస్తుంది. హాస్టల్ నుంచి మీరు కొట్టిన తలుపు తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. ఇది లోపం కాదు. మీ ఇంటికి ఇప్పుడున్న రక్షణల్లో ఇది ముఖ్యమైనది.

సులువైన దారిలో పొంచి ఉన్న ప్రమాదం

చాలామంది మొదట చేసే పని పోర్ట్ ఫార్వర్డింగ్. ఒక్కో చిరునామాకు 65,535 పోర్టులు ఉంటాయి. వాటిని ఆ ఇంటికి నంబర్లు వేసిన తలుపులు అనుకోండి. "ఫలానా నంబరు తలుపు దగ్గరికి ఎవరు వచ్చినా నేరుగా సర్వర్ దగ్గరికి పంపు" అని రౌటర్‌కు చెప్పడమే పోర్ట్ ఫార్వర్డింగ్. అయిదు నిమిషాల పని. వెంటనే హాస్టల్‌లో ఫొటోలు కనిపిస్తాయి. కాని వాచ్‌మన్‌కు మనం చెప్పింది "ఎవరు వచ్చినా" అని. "మా అబ్బాయి వస్తే" అని కాదు. తేడా అంతా అక్కడే ఉంది.

"మా ఇంటి సర్వర్ సంగతి ఎవరికి తెలుస్తుంది?" అని మీరు అడగవచ్చు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్ అనే సాధనాన్ని తయారుచేశారు. మంచి వేగమున్న కనెక్షన్ ఉంటే ఒకే ఒక్క కంప్యూటర్‌తో ఐపీవీ4 చిరునామాలన్నిటిలోనూ ఒక పోర్టు తెరిచి ఉందా లేదా అని 45 నిమిషాల లోపే చూసి రావచ్చని నిరూపించారు. అంటే వెతికేవాడికి మీ పేరు, ఊరు తెలియనక్కరలేదు. వాడు అందరి తలుపులూ తట్టుకుంటూ పోతాడు. మీది కూడా అందులో ఒకటి.

జరిగిన సంఘటనలు మూడు చూద్దాం.

మొదటిది 2016 నాటి మిరాయ్. ఈ దుష్ట ప్రోగ్రాం ఇళ్ళలోని కెమెరాలు, రౌటర్ల తలుపులు తట్టి, కంపెనీలు పెట్టి ఇచ్చిన సుమారు 60 యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నించేది. యజమానులు మార్చకుండా వదిలేసినచోటల్లా లోపలికి దూరింది. అలా లొంగిన యంత్రాల సైన్యంతో అదే ఏడాది అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద దాడి జరిగి, అమెరికాలో ఎన్నో పేరున్న వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి. ఆ కెమెరాల యజమానులు ఏ పాపమూ ఎరుగరు. కాని వారి యంత్రాలే ఆయుధాలయ్యాయి.

రెండవది 2022 జనవరి నాటి డెడ్‌బోల్ట్. తైవాన్‌కు చెందిన క్యూనాప్ సంస్థ ఇళ్ళలోనూ చిన్న కార్యాలయాల్లోనూ వాడే నిల్వ పెట్టెలను తయారుచేస్తుంది. ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న ఆ పెట్టెల్లోకి డెడ్‌బోల్ట్ చొరబడి ఫైళ్ళన్నిటికీ తాళం వేసింది. తాళం తీయాలంటే 0.03 బిట్‌కాయిన్, అంటే ఆనాటి విలువలో వెయ్యి డాలర్ల పైచిలుకు, చెల్లించాలంది. అప్పుడు ఆ సంస్థ తన వాడకందారులకు ఇచ్చిన సలహాలలో ముఖ్యమైనవి రెండు: రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఆపండి, యూపీఎన్‌పీ కూడా ఆపండి. యూపీఎన్‌పీ అంటే ఇంటి లోపలి పరికరమే రౌటర్‌ను అడిగి తలుపు తెరిపించుకునే సదుపాయం. ఇది పనిచేస్తుంటే ఏ తలుపు తెరిచి ఉందో ఇంటి యజమానికే తెలియదు.

మూడవది పాస్‌వర్డ్‌లను భద్రపరిచే లాస్ట్‌పాస్ సంస్థకు 2022లో జరిగిన చోరీ. దొంగలు ఆ సంస్థ ఇంజనీరు ఒకరి ఇంటి కంప్యూటర్‌ను ఎంచుకున్నారు. అందులోని మీడియా సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పాత లోపాన్ని వాడుకుని, ఆయన టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ పట్టుకున్నారు. అలా సంస్థ ఖజానా తాళంచెవి వారి చేతికి చిక్కింది. ఆ మీడియా సాఫ్ట్‌వేర్ ప్లెక్స్ అనీ, ఆ లోపానికి 2020 మే నెలలోనే సవరణ విడుదలైందనీ, ఆ కంప్యూటర్‌లో అది వేయలేదనీ తర్వాత వెల్లడైంది. సినిమాలు చూడడానికి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ అంత పెద్ద నష్టానికి దారి చూపింది.

వీటి నుంచి మనం నేర్చుకోవలసింది ఒక్కటే. మనం పెట్టుకునే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఏదో ఒకనాడు లోపం బయటపడుతుంది. దాన్ని ఆపలేం. ఆ లోపం దగ్గరికి ఎవరు చేరగలరన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ముందుగా వేసుకోవలసిన ప్రశ్న

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అన్న ప్రశ్నకన్నా ముందు, ఎవరు లోపలికి రావాలి అన్న ప్రశ్న వేసుకోవాలి. కుటుంబ ఫొటోలు చూడవలసింది మీరు, మీ ఇంట్లోవారు, బహుశా విదేశంలో ఉన్న అక్కయ్య. అయిదారుగురు. అయిదారుగురి కోసం ప్రపంచమంతటికీ తలుపు తెరవడం దేనికి? రావలసినవారి పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగితే సరైన పద్ధతి వీపీఎన్. వచ్చేవారెవరో ముందుగా తెలియకపోతే, ఉదాహరణకు మీరు నలుగురికీ చూపే వెబ్‌సైటు పెడితే, పద్ధతి వేరు. రెండూ చూద్దాం.

జవాబు చెప్పని తలుపు

వీపీఎన్ అంటే బహిరంగమైన ఇంటర్నెట్ గుండా మనకోసం వేసుకున్న సొరంగం లాంటిది. అందులో పోయే సమాచారం గూఢలిపిలో ఉంటుంది. యూట్యూబ్ ప్రకటనల్లో కనిపించే, నెలకు ఇంత అని డబ్బు తీసుకునే వీపీఎన్‌కూ దీనికీ తేడా ఉంది. అక్కడ సొరంగం అవతలి కొస ఏదో కంపెనీలో ఉంటుంది. ఇక్కడ అది మీ ఇంట్లోనే ఉంటుంది. సొరంగంలో అడుగుపెట్టగానే మీ ఫోను హాస్టల్‌లో ఉన్నా ఇంట్లో ఉన్నట్టే పనిచేస్తుంది.

ఇందుకు నేడు విరివిగా వాడుతున్నది వైర్‌గార్డ్. దీన్ని రూపొందించినవారు జేసన్ డోనెన్‌ఫెల్డ్. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నెల్ 5.6తో ఇది లినక్స్‌లోనే భాగమైంది. దీని మూలకోడ్ సుమారు 4,000 వరుసలు మాత్రమే. కోడ్ చిన్నదైతే నిపుణులు పూర్తిగా చదివి తప్పులు పట్టగలరు.

పనిచేసే తీరు ఇది. ప్రతి పరికరానికీ రెండు తాళంచెవులు తయారవుతాయి. ఒకటి రహస్యమైనది, అది ఆ పరికరం దాటి పోకూడదు. రెండవది బహిరంగమైనది, దాన్ని అవతలివారికి ఇవ్వాలి. ఇంటి సర్వర్‌లో మీ ఫోను బహిరంగ తాళంచెవిని, మీ ఫోనులో ఇంటి సర్వర్ బహిరంగ తాళంచెవిని నమోదు చేస్తారు. అంతే. పాస్‌వర్డ్ లేదు కాబట్టి ఊహించి కొట్టే అవకాశమూ లేదు.

రౌటర్‌లో దీనికోసం ఒక పోర్టు తెరవాలి. మామూలుగా వాడేది 51820. "ఇప్పుడేగా తలుపులు తెరవవద్దన్నారు!" అని మీరు అనవచ్చు. మంచి సందేహమే. వైర్‌గార్డ్ తలుపు ప్రత్యేకత ఏమిటంటే, సరైన తాళంచెవితో ముద్ర వేయని సందేశం వస్తే అది "పొమ్మ"ని కూడా అనదు. అసలు జవాబే ఇవ్వదు. తట్టినవాడికి అక్కడ తలుపు ఉందో గోడ ఉందో తెలియదు. వెనకనున్న నెక్స్ట్‌క్లౌడ్, ఇమ్మిచ్‌లలో రేపు లోపం బయటపడినా బయటివాడు వాటి దాకా రాలేడు. పది తలుపుల కాపలాకు బదులు ఒక్క తలుపు కాపలా.

ఇందులో మీకు ఎదురయ్యే చిన్న చిక్కులు మూడు.

ఒకటి, కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్‌కు బయటి చిరునామా మారిపోవచ్చు. మారినప్పుడల్లా ఒక పేరుకు కొత్త చిరునామాను జతచేసే డైనమిక్ డీఎన్ఎస్ సేవను వాడితే, మీరు పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

రెండు, హాస్టల్ వై-ఫైలోనూ మీ ఇంట్లోనూ 192.168.1 వరసే ఉంటే ఫోనుకు ఏ 302కు వెళ్ళాలో తెలియదు. అందుకని ఇంటి రౌటర్‌లో 192.168.73 వంటి అరుదైన వరసను ముందే పెట్టుకోండి.

మూడు, ఫోను పోతే కంగారు పడకండి. సర్వర్‌లో ఆ ఫోను తాళంచెవి నమోదును తీసేయండి. మిగిలినవారి తాళంచెవులు మార్చనక్కరలేదు. అందుకే ఒక్కో పరికరానికీ ఒక్కో తాళంచెవి ఇవ్వాలి. అందరికీ ఒకటే పంచకూడదు.

రౌటర్‌కే సొంత చిరునామా లేకపోతే

మన దేశంలో ఎన్నో బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ కనెక్షన్లలో ఇంకొక సంగతి ఉంటుంది. సర్వీసు సంస్థలు ఒకే బయటి చిరునామాను అనేక ఇళ్ళకు కలిపి పంచుతాయి. దీన్ని సీజీనాట్ అంటారు. మీ వాచ్‌మన్‌కు పైన, కాలనీ గేటు దగ్గర మరో వాచ్‌మన్ ఉన్నట్టు. ఆయన మీ మాట వినడు. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసలో కనిపిస్తే మీరు ఇలాంటి కనెక్షన్‌లోనే ఉన్నారని అర్థం. ఈ వరుసను 2012లో ఇందుకోసమే కేటాయించారు.

దీనికి మార్గాలు ఉన్నాయి. మొదటిది ఐపీవీ6. ఈ కొత్త పద్ధతిలో చిరునామాలకు కొరత లేదు కాబట్టి ఇంట్లోని ప్రతి పరికరానికీ సొంత చిరునామా దొరుకుతుంది. దీని వాడకంలో భారతదేశం ప్రపంచంలో ముందువరుసలో ఉంది. వైర్‌గార్డ్ దీని మీద కూడా పనిచేస్తుంది. అయితే ఇక్కడ చిరునామాల కొరత తెచ్చిపెట్టిన వాచ్‌మన్ ఉండడు. రౌటర్‌లోని ఫైర్‌వాల్, పిలవకుండా వచ్చేవాటిని ఆపుతోందో లేదో తప్పక చూసుకోవాలి.

రెండవది లోపలి నుంచి బయటికి సొరంగం తవ్వడం. వాచ్‌మన్ బయటికి వెళ్ళేవారిని ఆపడు కదా! టెయిల్‌స్కేల్ వంటి సేవలు మీ పరికరాలు రెంటినీ బయట ఒకచోట పరిచయం చేసి, వాటి మధ్య వైర్‌గార్డ్ సొరంగం కలుపుతాయి. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ వంటి సేవలలో మాత్రం వచ్చేపోయే వెబ్ సమాచారం ఆ సంస్థ యంత్రాల దగ్గర గూఢలిపి విప్పుకుని, మళ్ళీ మీ ఇంటికి వస్తుంది. అంటే మధ్యవర్తి దాన్ని చూడగలడు. అది తప్పని కాదు. కాని ఎవరిని నమ్ముతున్నామో తెలిసి నమ్మాలి. ఎవరి మీదా ఆధారపడకూడదనుకుంటే బయట ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ కలుపుకోవచ్చు.

అందరికీ తెరవవలసి వస్తే

మీ కళాశాల సాహిత్య సంఘం వెబ్‌సైటు మీ ఇంటి సర్వర్‌లో పెట్టారనుకుందాం. వచ్చే ప్రతివారికీ తాళంచెవి ఇవ్వలేరు. అప్పుడు ముందు వాకిట్లో రివర్స్ ప్రాక్సీ అనే సాఫ్ట్‌వేర్‌ను నిలబెట్టాలి. కేడీ, ఎన్‌జిన్‌ఎక్స్ ఇలాంటివి. ఇది ఆసుపత్రిలోని రిసెప్షన్ లాంటిది. వచ్చినవారు అడిగిన పేరును బట్టి ఆ గదికి మాత్రమే పంపుతుంది. వెబ్‌సైటు పేరు చెప్పినవారు వెబ్‌సైటుకే వెళ్తారు, ఫొటోల దగ్గరికి కాదు.

ఈ దారిలో హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి. లేకపోతే మధ్యలో ఉన్నవారు పాస్‌వర్డ్‌లను చదవగలరు. దానికి కావలసిన ధ్రువపత్రాలను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఉచితంగా ఇస్తోంది. ఒక విషయం చాలామందికి తెలియదు. ఇలా ఇచ్చే ప్రతి ధ్రువపత్రంలోని పేరు అందరూ చూడగల బహిరంగ చిట్టాలలో నమోదవుతుంది. అంటే "ఫొటోలు" అని పేరు పెట్టి ధ్రువపత్రం తీసుకున్న నిమిషాల్లోనే ఆ పేరు లోకానికి తెలుస్తుంది. "ఎవరికీ తెలియని చిరునామా" అన్న ధీమా రక్షణ కాదు.

ఇలా తెరిచిన ప్రతిచోటా రెండంచెల ధ్రువీకరణ ఉండాలి. అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోనులో మారుతూ ఉండే ఆరంకెల సంఖ్య కూడా అడగాలి. సాఫ్ట్‌వేర్ సవరణలు వచ్చిన వెంటనే వేయాలి. రౌటర్ నియంత్రణ పేజీని, సర్వర్ నిర్వహణకు వాడే ఎస్ఎస్‌హెచ్‌ను, డేటాబేస్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి తెరవకూడదు. వాటికి వీపీఎన్ దారి ఒక్కటే ఉండాలి.

దారి వేశాక పరీక్ష

వేసిన దారి సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఫోనులో వై-ఫై ఆపి మొబైల్ డేటా పెట్టండి. వీపీఎన్ లేకుండా ఇంటి సర్వర్‌ను తెరవడానికి ప్రయత్నించండి. తెరుచుకోకూడదు. తర్వాత వీపీఎన్ పెట్టండి. తెరుచుకోవాలి. చాలామంది రెండవ భాగం మాత్రమే చూసి సంతోషపడతారు. భద్రతను చెప్పేది మొదటి భాగం. 1997 నుంచి అందుబాటులో ఉన్న ఎన్‌మ్యాప్ అనే సాధనంతో బయటి నుంచి మీ ఇంటి చిరునామాను పరిశీలిస్తే, మీకు తెలియకుండా తెరిచి ఉన్న తలుపులు కూడా బయటపడతాయి.

ఒక హెచ్చరిక. ఈ పరీక్షలు మీ సొంత సర్వర్ మీదే చేయండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి ప్రవేశించడం సమాచార సాంకేతిక చట్టం, 2000 ప్రకారం నేరం. 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. స్నేహితుడి మీద సరదాకు చేశామన్నా చట్టం ఒప్పుకోదు.

ఇక చివరి మాట బ్యాకప్ గురించి. ఎంత మంచి తాళమైనా డిస్కు చెడిపోకుండా ఆపలేదు. ముఖ్యమైన ఫైళ్ళు మూడు ప్రతులుగా ఉండాలి. అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి. వాటిలో ఒకటి ఇంటికి దూరంగా, బంధువుల ఇంట్లోనో మరోచోటనో ఉండాలి. కనీసం ఒక ప్రతి సర్వర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచనిదై ఉండాలి. డెడ్‌బోల్ట్ వచ్చిన రోజున, వేరుగా దాచిన ప్రతి ఉన్నవారు డబ్బు కట్టకుండానే తమ ఫైళ్ళను తిరిగి పెట్టుకోగలరు. లేనివారు నేరగాళ్ళ మాట నమ్మడమో, ఫొటోలను వదులుకోవడమో చేయాలి. ఆరు నెలలకొకసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూసుకోండి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నా లేనట్టే లెక్క.

విద్యార్థులారా! ఈనాడు మనం చెప్పుకున్నదాన్ని సంగ్రహంగా మననం చేసుకుందాం. లోపలికి రావలసినవారెవరో ముందు నిర్ణయించుకోండి. తెలిసినవారే అయితే వీపీఎన్. తెలియనివారైతే రివర్స్ ప్రాక్సీ, హెచ్‌టీటీపీఎస్, రెండంచెల ధ్రువీకరణ. సొంత చిరునామా లేకపోతే ఐపీవీ6 లేదా లోపలి నుంచి సొరంగం. ఏ దారి వేసినా బయటి నుంచి పరీక్ష, బ్యాకప్ తప్పనిసరి.

మీరు ఆలోచించడానికి ఒక అభ్యాసం. ఈ సాయంత్రం పెద్దల అనుమతి తీసుకుని మీ ఇంటి రౌటర్ పేజీ తెరవండి. దాని పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదేనా? యూపీఎన్‌పీ నడుస్తోందా? పోర్ట్ ఫార్వర్డింగ్ పట్టికలో ఎన్ని వరుసలు ఉన్నాయి? ప్రతి వరుసకూ ఎదురుగా, ఆ తలుపు ఎవరికోసం తెరిచి ఉందో ఒక పేరు కాగితం మీద రాయండి. పేరు రాయలేని వరుస దొరికితే, ముందుగా మూయవలసిన తలుపు అదే.